ఖాళీగా వచ్చిన గిన్నె

మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయి పోయిన శనివారం నా స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆమెది నల్గొండ, భర్తది భీమవరం. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, మూడేళ్ళ పాప ఉంది. దేశం దాటి మా ఊరు ప్లెయిన్స్‌బరోకి వచ్చి రెండేళ్ళయినా ఆ అమ్మాయి ఇప్పటికీ మా తలుపు ముందు చెప్పులు విడిచి నిలబడుతుంది.

"సారీ ఆంటీ, లేట్ అయింది. ఈ వీక్ రిలీజ్ ఉండె. డిష్‌వాషర్‌ల వెయ్యలే, చేత్తోనే వాష్ చేసిన. పులిహోర మస్తుండె ఆంటీ! మా ఆయన పాపకు గూడ మిగల్చలే."

నేను మూత తీసి చూశాను. డబ్బా పొడిగా మెరుస్తూ ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు గానీ ఆ అమ్మాయి ముఖంలో కంగారు కనబడింది.

"ఏమైంది ఆంటీ? స్మెల్ వస్తున్నదా?"

"లేదమ్మా. చాలా శుభ్రంగా ఉంది."

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కడిగిన డబ్బాను కడిగినట్టే తిరిగి ఇవ్వడం ఇక్కడి పద్ధతి. నేను ఇక్కడికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది, ఆ పద్ధతి నాకూ అలవాటే. అయినా ఖాళీ గిన్నె ఎవరైనా చేతికిస్తే నా కళ్ళు ముందుగా దాని అడుగును వెతుకుతాయి. ఆ వెతుకులాట కౌలాలంపూర్‌లోని ఒక పాత పేటలో, నా తొమ్మిదో ఏట మొదలయింది.

ఆ పేటలో ఇళ్ళు వరుసలుగా ఉండేవి. వరుసకు పన్నెండు ఇళ్ళు, పక్కపక్క ఇళ్ళకు ఒకటే ఉమ్మడి గోడ. ముందు చిన్న ఆవరణ, ఇనుప గేటు, గేటు ముందు రెండడుగుల లోతు సిమెంటు కాలువ, దాని మీద పలక. మా గేటు నుంచి పక్కింటి గేటుకు నా అడుగులతో ఇరవై ఆరు అడుగులు. కిటికీలకు అద్దపు పలకలు మెట్లు మెట్లుగా ఉండేవి. పిడి తిప్పితే అన్నీ ఒకేసారి తెరుచుకునేవి. మా హాలు కిటికీలో కింద నుంచి మూడో పలక ఊడిపోతే నాన్న దాని స్థానంలో అట్టముక్క పెట్టాడు. మేము ఆ ఇల్లు విడిచేదాకా అది అట్టముక్కగానే ఉంది.

వీధి పొడవునా ఆంగ్‌సానా చెట్లు. అవి మన వేగిస చెట్టుకు దగ్గరి బంధువులని చాలా కాలం తరవాత చదివాను. ఎండలు కాసి కాసి ఒక వాన పడితే, ఆ మర్నాడో రెండో నాడో చెట్లన్నీ ఒక్కసారిగా పూసేవి. ఒక్కరోజే. సాయంత్రానికి వీధంతా పసుపు. వాననీళ్ళలో ఆ పూలు నానిన వాసన, కాలువ వాసన, ఎవరింట్లోనో ఎండుచేపలు వేగుతున్న వాసన, సాయంత్రమయ్యేసరికి దోమలు పోవడానికి వెలిగించే చక్రాల పొగ. ఈ నాలుగూ కలిసిన గాలి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నాలుగు గంటలకు రొట్టెలవాడు మోటారు సైకిలు మీద హారన్ మోగిస్తూ వచ్చేవాడు. అతను చిల్లర లెక్క చూసుకునే వేళ నేను వెనక బుట్టలోని బన్నును వేలితో నొక్కి గుంట పెట్టేదాన్ని. గుంట పడిన బన్ను ఎవరూ కొనరు కాబట్టి చివరికి అది సగం ధరకు నాకే వచ్చేది.

నాన్న నీటి సరఫరా శాఖలో మీటర్లు పరీక్షించే గదిలో పనిచేసేవాడు. అమ్మ బడిలో టీచరు. పగలంతా ఇంట్లో ఉండేది నాన్నమ్మ ఒక్కతే. ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రబ్బరు తోటలో చేరారు. తాతయ్య పోయాక నాన్నమ్మ తోట విడిచి మా ఇంటికి వచ్చింది. తోటలో తెలుగుతో, కొంచెం అరవంతో ఆవిడకు జీవితం గడిచిపోయింది. ఈ పేటలో ఆవిడ మాట అర్థమయ్యే వాళ్ళు మేము ముగ్గురం తప్ప లేరు. మేము ముగ్గురం పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళం.

పక్కింట్లో ఒక చీనా ముసలమ్మ ఉండేది. ఆమె మనవడు పిలిచినట్టే నేనూ ఆమెను పోపో అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అవ్వ వంటి మాట అది. ఆమె ఇంట్లోనూ అంతే: కొడుకు, కోడలు ఉద్యోగాలకు, మనవడు బడికి. సాయంత్రం అయిదింటికి ఇద్దరు ముసలమ్మలూ చెరొక ఆవరణలో కుర్చీ వేసుకుని, నడుము ఎత్తు గోడకు అటొకరు ఇటొకరు కూర్చునేవారు. ఇద్దరికీ కలిపి బజారు మలాయ్ భాషలో పాతిక మాటలు వచ్చేవేమో. 'మకాన్' అంటే తిండి. 'బగుస్' అంటే బాగుంది. 'కొసొంగ్' అంటే ఖాళీ. ఆ పాతిక మాటలూ అయిపోయాక ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు.

"మా కోడలు సదువుకుంది గానీ సారులో ఉప్పెంతెయ్యాలో తెల్దమ్మా," అని నాన్నమ్మ తెలుగులో అనేది.

పోపో తన కోడలి బట్టలు ఆరేసిన తీగ వైపు గడ్డం చూపించి చీనాలో ఏదో అనేది.

"అదే మరి! మీ ఇంట్లోనూ అంతేనా?" అని నాన్నమ్మ తొడ చరిచేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

"నాన్నమ్మా, ఆవిడ ఏమందో నీకు తెలిసిందా?" అని నేను అడిగితే, "తెలకపోడానికేటుందే? కోడళ్ళ మాట ఏ బాసలోనైనా ఒకలాగే ఉంటాది," అనేది.

ఈ స్నేహం ఒక గిన్నె మీద నడిచింది. అది ఇత్తడి మూతగిన్నె, లోపల కళాయి, అంచు మీద తాతయ్య పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేది. నేను నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నాన్నమ్మ అందులో పక్కింటికి పాల ఉండ్రాళ్ళు పంపిందట. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది నాన్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పట్టింపు. విచిత్రంగా పోపో ఇంట్లోనూ అదే పట్టింపు ఉంది. కనుక గిన్నెలో రంగురంగుల బియ్యప్పిండి ఉండలు అల్లం పాకంలో తేలుతూ తిరిగి వచ్చాయి. "ఇవి మన ఉండ్రాళ్ళేనే, పండక్కి కొత్త బట్టలేసుకున్నాయి," అంది నాన్నమ్మ. వచ్చిన గిన్నెను మళ్ళీ ఖాళీగా పంపకూడదు కదా! అలా అయిదేళ్ళు ఆ గిన్నె ఆగలేదు. ఏమీ లేని రోజున నాన్నమ్మ గుప్పెడు పంచదార పోసేది, పోపో రెండు గుడ్లు పెట్టేది. ఎవరు ఎవరికి బాకీయో ఇద్దరూ మరచిపోయారు. మోసేదాన్ని నేను. నా తొమ్మిదో ఏట కాలువ పలక మీద గిన్నెను జారవిడిచి మూతకు సొట్ట పెట్టాను. అప్పటి నుంచి మూత సరిగా కూర్చోక, పైన గుడ్డ కట్టి పంపడం అలవాటయింది.

చీనా వాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు రోజు నాన్నమ్మ బూరెలు వండింది. వాళ్ళింట్లో నలుగురు కాబట్టి మనిషికొకటి చొప్పున నాలుగు పెద్ద బూరెలు గిన్నెలో సర్దింది. పండగ పూట పాత గుడ్డ ఏం బాగుంటుందని, పెట్టెలోంచి ఇంకా కట్టని తన కొత్త చీర తీసి, కొంగు వైపు నుంచి చదరంగా చింపింది. తాతయ్య పోయినప్పటి నుంచి నాన్నమ్మకు తెల్లచీరలే. కొత్త గుడ్డ అంటే ఆవిడ దగ్గర తెల్లదే ఉంటుంది.

నేను గిన్నె పట్టుకెళ్ళేసరికి పక్కింటి వాళ్ళంతా ముందుగదిలో ఎర్రకాగితాలు అంటిస్తున్నారు. నా చేతిలోది చూసి కోడలు చప్పున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కొడుకు నిచ్చెన మీద నుంచే గట్టిగా ఏదో అన్నాడు. పోపో లేచి వచ్చి ముడి విప్పింది. నాలుగు బూరెలనూ చూసింది. గుడ్డను మడిచి తన జేబులో పెట్టుకుని, నా తల నిమిరి పంపేసింది.

సాయంత్రం వాళ్ళ కోడలు గేటు దగ్గర అమ్మతో ఇంగ్లీషులో, చాలా మర్యాదగా చెప్పింది. వాళ్ళలో తెల్లగుడ్డ చావుకు కడతారు. నాలుగు అనే అంకె చావుకు గుర్తు. ఏడాది ముగిసే రోజున ఆ రెండూ కలిసి గుమ్మంలోకి వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు పోతారని భయం. ఆ ఇంట్లో పెద్దది పోపో.

అమ్మ చెప్పగానే నాన్నమ్మ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. "నానేటి సేసినాను తల్లీ! కొత్త గుడ్డే గదా సింపినాను..." అంది. క్షమాపణ చెప్పడానికి కావలసిన మాట ఆ పాతిక మాటల్లో లేదు. నాకు వచ్చిన ఇంగ్లీషుతో నేను చెబుతానంటే వద్దంది. "మాటలతో అయ్యేది కాదే. గిన్నె రానీ. గిన్నెలో ఏదుంటే అదే ఆవిడ మాట," అంది.

ఎప్పుడూ రెండు రోజుల్లో తిరిగి వచ్చే గిన్నె ఈసారి తొమ్మిది రోజులు రాలేదు. పండగ రోజులని అమ్మ సర్ది చెప్పింది. నాన్నమ్మ మాత్రం అయిదింటికి కుర్చీ వేసుకుని కూర్చుని, పోపో బయటికి రాకపోతే అయిదున్నరకే లోపలికి వచ్చేసేది.

పదో రోజు మధ్యాహ్నం వాన వెలిశాక నేను బడి నుంచి వస్తూంటే పోపో తన గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. చేతిలో మా గిన్నె. దాని మీద కొత్త గుడ్డ, ముదురు ఎరుపు. పోపో వేళ్ళు కూడా గోళ్ళ దాకా ఎర్రగా ఉన్నాయి. వాళ్ళలో పసిపిల్లల వేడుకకు గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, ఎక్కడో వేడుక ఉందనుకున్నాను. ఆమె మా ఇంటి వైపు చూపించి, తరవాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ ముడి మీద రెండుసార్లు తట్టింది. "మకాన్," అంది.

ఇరవై ఆరు అడుగులు. నేను తిన్నగా నడిచి ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో ముగిసేది.

గిన్నె వెచ్చగా ఉంది. బెల్లప్పాకం వంటి వాసన. నేను ఇంట్లోకి పోకుండా వీధి చివర పెద్ద కాలువ గట్టు దాకా పోయి ముడి విప్పాను. జిగురుబియ్యం పిండిని పంచదారతో రోజంతా ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి, రెండు కందముక్కల మధ్య పెట్టి వేయించే మిఠాయి అది. ఎనిమిది ముక్కలున్నాయి. ఎనిమిది వాళ్ళ అదృష్ట సంఖ్య అని నాకు తెలుసు. పైన కరకర, లోపల సాగే తీపి. ఒకటి తింటే ఏడు ఉంటాయి, ఎన్ని పంపిందో నాన్నమ్మకు తెలియదు కదా అనుకున్నాను. అయిదు ఉన్నప్పుడూ అదే లెక్క పనికి వచ్చింది. రెండు మిగిలినప్పుడు, అంత గిన్నెలో రెండు ముక్కలు పెట్టి పంపిందంటే పోపోకే చెడ్డపేరు అనిపించింది. అవి కూడా తినేశాను. గుడ్డకు నూనె మరకలయ్యాయి, నా వేళ్ళకు ఎర్రరంగు అంటింది. గుడ్డను కాలువలోకి విసిరాను. వాననీరు నిండుగా పారుతోంది. అది ఒకసారి విచ్చుకుని, కల్వర్టు కిందికి వెళ్ళిపోయింది. వీధి కుళాయి దగ్గర చేతులూ గిన్నే కడిగాను.

నాన్నమ్మ గుమ్మంలోనే ఉంది. గిన్నె అందుకుని మూత తీసింది.

"ఏటే, ఏటీ లేదా?"

"లేదు."

"ఖాళీగానే ఇచ్చిందా?"

"అవును."

"గుడ్డ?"

"ఇవ్వలేదు."

నాన్న మీటర్ల గదిలో గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఉండేది, చూడనిది రాయకూడదు, చూసింది మార్చకూడదు అని. ఆయన అది నాకు చిన్నప్పుడే నేర్పాడు. నేను తరవాత ముప్పై అయిదేళ్ళు నీటి ప్రవాహాన్ని కొలిచే పరికరాల తప్పొప్పులు తేల్చే ఉద్యోగం చేశాను. నేను ఇచ్చిన మొదటి తప్పుడు కొలత మాత్రం ఆ గుమ్మంలో, మూడు చిన్న జవాబుల్లో ఇచ్చాను.

నాన్నమ్మ ఏడవలేదు. గిన్నెను తుడిచి గూట్లో బోర్లించింది. బోర్లించిన గిన్నెను నేను మా ఇంట్లో అంతకు ముందు చూడలేదు.

ఆ సాయంత్రం పోపో ఆవరణలోకి వచ్చి కూర్చుంది. నాన్నమ్మ వెళ్ళలేదు. మర్నాడూ పోపో వచ్చింది. మూడో రోజూ వచ్చి, గోడ పక్కన నిలబడి మా తలుపు వైపు చూసింది. "ఆవిడ పిలుస్తున్నట్టుందే," అని నాన్నమ్మే అంది, మళ్ళీ తనే, "ఏ మొకం పెట్టుకుని ఎల్తాను? ఖాళీ గిన్నంటే అర్థం తెల్దా నాకు?" అంది. నాలుగో రోజు నుంచి పోపో కుర్చీ అటు వైపు తిరిగింది.

రోజూ చెప్పాలనుకున్నాను. మొదటి వారం దెబ్బలకు భయం. తరవాత, ఇంత ఆలస్యంగా చెబితే దెబ్బలతో పోదన్న భయం. ఆ ఏడాది ఆంగ్‌సానాలు రెండుసార్లు పూశాయి. అంతకు ముందు ఆ పూలు రాలిన రోజున ముసలమ్మలిద్దరూ చీపుళ్ళు పట్టుకుని వీధిలోకి వచ్చి, పనికంటే మాటలే ఎక్కువగా సాగించేవారు. ఆ ఏడాది ఎవరి గేటు ముందు వాళ్ళు ఊడ్చుకున్నారు. మధ్యలో ఉమ్మడి గోడ తగిలే చోట ఒక పసుపు గీత మిగిలిపోయేది. నాన్నమ్మ మాటలు కూడా తగ్గించుకుంది. కొన్ని రోజులు మేము ఇల్లు చేరాక ఆవిడ గొంతు సవరించుకుని మాట్లాడటం విని, ఆ రోజుకు అదే మొదటి మాట అని నాకు తెలిసేది.

ఆరేడు నెలలకు పక్కింటి ముందు లారీ ఆగింది. కొడుక్కి ఉత్తరాన సముద్రం పక్కన ఏదో ఊరికి బదిలీ అయిందట, రైల్లో ఒక పగలంతా ప్రయాణం. నేను కిటికీ పలకల మధ్య నుంచి చూస్తున్నాను. పోపో కుర్చీ లారీ ఎక్కింది. అప్పుడు నా కాళ్ళు వంటింట్లోకి పరిగెత్తాయి.

"నాన్నమ్మా, గిన్నె ఖాళీగా రాలేదు. నేను తినేశాను. ఎనిమిది ముక్కలు. గుడ్డ కాలువలో పారేశాను."

నాన్నమ్మ చేతిలో గరిటె ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ గూటి దగ్గర ఉంది. గిన్నె తీసి, డబ్బాలో ఉన్న సున్నుండలు లెక్కపెట్టి ఎనిమిది వేసింది. పెట్టె తెరిచి, తాతయ్య ఉన్న రోజుల్లో ఏ పేరంటంలోనో ఎవరో ఇచ్చిన ఎర్ర రవికెలగుడ్డ తీసింది. అది ఆవిడ తొడుక్కోవడానికి లేదు, పారేయడానికి మనసొప్పలేదు. గిన్నెకు కట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా నా రెక్క పట్టుకుని నడిచింది.

పోపో లేదు. తెల్లవారగానే కొడుకు కారులో ముందే వెళ్ళిపోయిందట. కోడలు ఒక్కతే ఖాళీ గదులకు తాళాలు వేస్తోంది.

"సెప్పు," అంది నాన్నమ్మ నాతో. "నీ నోటితోనే సెప్పు. ఆవిడకి అర్థమయ్యేలాగ సెప్పు."

చెప్పాను. బడి ఇంగ్లీషులో, వెక్కుతూ, ఎనిమిది అంకెతో సహా చెప్పాను. కోడలు తాళం చేత్తో పట్టుకుని విన్నది. తరవాత మెల్లగా అంది:

"ఆ గుడ్డ చూడలేదా నువ్వు? అది మీ నాన్నమ్మదే. ఆ తెల్లగుడ్డే. మా అత్త దానికి తన చేత్తో ఎర్రరంగు వేసింది. ఒక్కసారికి రంగు పట్టక మూడుసార్లు ముంచింది. మా ఆయన తిట్టాడు కూడా, పారేయమని. ఆవిడ వినలేదు. ఇప్పుడిది ఎర్రది, ఇంక దోషం లేదు అంది."

"ఏటందే?" అంది నాన్నమ్మ.

చూసింది మార్చకూడదు. ప్రతి మాటా తెలుగులో చెప్పాను. మూడుసార్లు ముంచిందన్న మాట రెండుసార్లు చెప్పాను. నాన్నమ్మ తన చీర చెంగు చేతుల్లోకి తీసుకుని, చిరిగిన అంచును వేళ్ళతో తడిమింది. ఆ చీర ఆవిడ అప్పుడు కట్టుకునే ఉందని నేను గమనించలేదు.

"మా అత్త మూడు సాయంత్రాలు గోడ దగ్గర నిలబడింది," అంది కోడలు. "మీరు తీసుకోలేదనుకుంది."

నాన్నమ్మ గిన్నెను ఆమె చేతుల్లో పెట్టింది. కోడలు అంచు మీది చుక్కల అక్షరాలు చూసి, ఇది పాతది, మీ దగ్గరే ఉంచుకోండి, మిఠాయి కాగితంలో చుట్టి పట్టుకెళ్తానంది. నాన్నమ్మ తల అడ్డంగా తిప్పింది. ఆమె వేళ్ళను గిన్నె చుట్టూ మూసి, రెండుసార్లు తట్టింది. తన పాతిక మాటల్లోంచి ఖాళీ అనే మాటను వెతికి తీసింది.

"కొసొంగ్ కాదు. పోపోకి సెప్పు. కొసొంగ్ కాదు."

లారీ మలుపు తిరిగేదాకా ఇద్దరం కాలువ పలక మీద నిలబడ్డాం.

ఉత్తరం రాలేదు. మరో రెండేళ్ళకు మేమూ ఆ ఇల్లు వదిలాం. నాన్నమ్మ నన్ను ఆ విషయమై ఒక్క మాట అనలేదు, ఎప్పుడూ. అమ్మ మాత్రం ఒకసారి, తాతయ్య పేరున్న గిన్నె, ఊరుకాని ఊరికి పోయిందే అని బాధపడింది. నాన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా అంది: "పోతే పోనీ. వస్తే మాత్రం ఖాళీగా రాదులే."

గూట్లో గిన్నె ఉండే చోట గుండ్రటి మరక ఒకటి ఉండేది. అక్కడ ఇంకొక పాత్ర పెట్టనిచ్చేది కాదు. ఇల్లు వదిలే రోజున నేను నాన్న స్కేలు తెచ్చి కొలిచాను. అడ్డంగా ఆరుముప్పావు అంగుళాలు.

ఈమధ్య ఉపగ్రహ చిత్రంలో ఆ వీధి కోసం వెతికాను. మా వరుస ఉండవలసిన చోట నాలుగు పెద్ద భవనాలు, వాటి నీడలు ఉన్నాయి. కాలువ మీద పూర్తిగా మూత వేసినట్టున్నారు. చెట్లు కనబడలేదు. ఆ ముసలమ్మలిద్దరూ పోయి చాలా కాలమయి ఉంటుంది. నాన్నమ్మ సంగతి నాకు తెలుసు, పోపో సంగతి లెక్కను బట్టి చెబుతున్నాను. గిన్నె పోపో చేతికి చేరిందో లేదో నాకు తెలియదు. చేరిందని రాయాలని ఎంతో ఉంది. నేను చూడలేదు.

కిందింటి అమ్మాయికి ఇదేమీ చెప్పలేదు. ఆదివారం బూరెలు వండాను. వాళ్ళు ముగ్గురు. మనుషులను లెక్కపెట్టి వేయడం తొమ్మిదో ఏటే మానేశాను. డబ్బా నిండేదాకా వేశాను. మెట్లు దిగి తలుపు తట్టాను. పాప రెండు చేతులూ చాచింది.

"అయ్యో ఆంటీ, మళ్ళా ఎందుకు? మొన్ననే గద ఇచ్చిన డబ్బా!" అంది తల్లి.

"అందుకేనమ్మా," అన్నాను.